గురువు లేని విద్య

తెలుగు చలనచిత్రము తెరపై ప్రారంభము కాగానే దానికై పనిచేసినవారి పేర్లు వరుసగా వచ్చును. కథ, మాటలు, పాటలు, సంగీతము అను వాని నడుమ చిత్రానువాదము అను మాటయు ఒకటి కనబడును. దీనినే స్క్రీన్‌ప్లే అనియు వ్యవహరింతురు. చూచువారిలో పెక్కుమంది ఆ మాటను చదువుదురే గాని, అది యెట్టి పనియో ఆలోచింపరు. నవలలో రచయిత తల్లి దుఃఖించెనని ఒక్క వాక్యముతో చెప్పగలడు. తెరకు ఆ వాక్యము చాలదు. ఆ తల్లి యెచ్చట కూర్చున్నది, ఆమె చేతిలో నేమున్నది, ఎవరు వచ్చినప్పుడు తల యెత్తినది, ఏ క్షణమున దుఃఖము ఆపుకొనలేకపోయినది అను సంగతులన్నియు ముందుగా నిర్ణయింపవలెను. కంటికి కనబడునదియు, చెవికి వినబడునదియు మాత్రమే తెరపై నిలుచును. కథను ఈ విధముగా దృశ్యములుగా మార్చి, వరుస కూర్చి, కాగితముపై పెట్టుటయే చిత్రానువాదము.

గురువు లేని విద్య గుడ్డి విద్య యని మన పెద్దలందురు. అయినను కలకత్తా నగరములో, వ్యాపార ప్రకటనలకు బొమ్మలు గీయు యువకుడొకడు ఏ పాఠశాలలోను చేరక ఈ విద్యను నేర్చుకొనెను. తన తప్పులను తానే వెదకుకొనుచు, దిద్దుకొనుచు, భారతదేశపు చలనచిత్రమునకు లోకమునందు గౌరవము తెచ్చెను. ఆయనయే సత్యజిత్ రాయ్.

సత్యజిత్ రాయ్ 1921వ సంవత్సరము మే నెల 2వ తేదీన కలకత్తాలో జన్మించెను. ఆ యింట బొమ్మలకును, అక్షరములకును కొదువ లేదు. తాత ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి బాలల కథలు వ్రాసెను. వానికి బొమ్మలు తానే గీసెను. ఆ బొమ్మలు చక్కగా అచ్చగుటకు బ్లాకులు చేయు విధానమును స్వయముగా పరిశోధించి మెరుగుపరచెను. 1913లో ఆయన 'సందేశ్' అను పిల్లల మాసపత్రికను స్థాపించెను. తండ్రి సుకుమార్ రాయ్ వింత జంతువులతోను, విడ్డూరపు మాటలతోను నిండిన హాస్యగేయములు వ్రాసి బెంగాలు బాలబాలికలకు ప్రియతముడయ్యెను. కాని 1923లో సుకుమార్ రాయ్ వ్యాధిగ్రస్తుడై చిన్న వయసుననే మరణించెను. అప్పటికి కుమారునకు రెండేండ్లు నిండి కొలది నెలలు మాత్రమే అయ్యెను.

తండ్రి పోయిన కొలది యేండ్లకు కుటుంబమువారి ముద్రణాలయమును చేయి జారిపోయెను. తల్లి సుప్రభాదేవి బాలుని వెంటబెట్టుకొని దక్షిణ కలకత్తాలోని తన సోదరుని యింట చేరెను. ఆమె అధైర్యపడలేదు. వితంతువుల విద్యాలయమొకదానిలో కుట్టుపని నేర్పుచు, వచ్చిన జీతముతో కుమారుని పెంచెను. బాలుడు ఒంటరిగా ఆడుకొనుచు, చుట్టుపట్ల జరుగుదానిని నిదానముగా గమనించుట అలవరచుకొనెను. ఒకమారు తల్లి అతనిని శాంతినికేతనమునకు తీసికొనిపోయి రవీంద్రనాథ ఠాగూరు దర్శనము చేయించెను. బాలుడు తన చిన్న పుస్తకమును కవీంద్రుని చేతికిచ్చెను. దూరదేశములు తిరిగియు ఇంటి చెంతనున్న అందమును చూడని మనుష్యుని గూర్చి ఆయన అందులో ఒక చిన్న పద్యము వ్రాసియిచ్చెను. దాని భావము పెద్దవాడైన పిమ్మట నీకు తెలియునని కవీంద్రుడు చెప్పినట్లు సత్యజిత్ రాయ్ తరువాతి కాలమున తలచుకొనెడివాడు.

పాఠశాలలో చదువునప్పుడే ఆయనకు చలనచిత్రములన్న మక్కువ కలిగెను. మొదట నటీనటులను చూచుటకే పోయెడివాడు. క్రమముగా చిత్రము నడిపించువాడు దర్శకుడని గ్రహించి, నటుల పేర్లకు మారుగా దర్శకుల పేర్లు గుర్తుంచుకొనసాగెను. ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టపరీక్ష ముగిసిన పిమ్మట, తల్లి కోరికపై 1940లో శాంతినికేతనములోని కళాభవనమున చేరెను. అక్కడ నందలాల్ బోసు, వినోద్ విహారీ ముఖర్జీ అను మహాచిత్రకారులు ఆయనకు గురువులైరి. చెట్టునైనను, మనుష్యునైనను గీయుటకు పూర్వము చక్కగా చూడవలెనని వారు నేర్పిరి. నగరమునందు పెరిగిన ఆ యువకుడు పరిసరములలోని పల్లెలు తిరిగి బొమ్మలు గీసెను. గ్రామజీవనము ఆయనకు దగ్గరగా కనబడినది అప్పుడే. అక్కడి గ్రంథాలయములో చలనచిత్రకళను గూర్చిన ఇంగ్లీషు పుస్తకములు కొన్ని దొరకెను. వానిని ఆయన శ్రద్ధతో చదివెను. కాని పుస్తకములు కలవుగాని, చూచుటకు ఆ పల్లెపట్టున సినిమాహాలు లేదు.

1942 డిసెంబరులో కలకత్తాపై జపానువారి బాంబులు పడెను. ఆ దినములలోనే సత్యజిత్ రాయ్ చదువు పూర్తి చేయకయే నగరమునకు తిరిగివచ్చెను. 1943లో డి.జె. కీమర్ అను బ్రిటిషు ప్రకటనల సంస్థలో నెలకు 80 రూపాయల జీతముపై చేరెను. సబ్బులకు, టీపొట్లములకు, మందులకు ప్రకటనలు తయారుచేయుట అట్టి సంస్థల పని. దానితోపాటు సిగ్నెట్ ప్రెస్సు అను ప్రచురణ సంస్థకు పుస్తకముల అట్టలు, లోపలి బొమ్మలు గీయసాగెను. ఆ సంస్థవారు విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ రచించిన 'పథేర్ పాంచాలి' నవలను పిల్లల కొరకు సంక్షిప్తము చేసిరి. దానికి బొమ్మలు గీయు పని సత్యజిత్ రాయ్‌కి వచ్చెను. బెంగాలు పల్లెలో పేద పురోహితుని కుటుంబము, దుర్గ, అపు అను అక్కాతమ్ముల బాల్యము ఆ నవలలోని కథ. బొమ్మల కొరకు దానిని చదివిన ఆయన మనసులో ఆ పల్లె శాశ్వతముగా నిలిచిపోయెను. అది మంచి చలనచిత్రము కాగలదని సిగ్నెట్ ప్రెస్సు యజమాని డి.కె. గుప్తా అప్పుడే సూచించెను.

ఈ కాలముననే ఆయన తన కొక స్వయంశిక్షణను ఏర్పరచుకొనెను. చిత్రము చూచునప్పుడు హాలులో దీపములు ఆరిన తరువాత, ఆ చీకటిలోనే కాగితముపై గుర్తులు వ్రాసుకొనెడివాడు. ఏ దృశ్యము ఎచ్చట తెగినది, కెమెరా ఎప్పుడు దగ్గరకు వచ్చినది, ఎప్పుడు దూరముగా జరిగినది అను సంగతులు అందులో నుండెడివి. చూచువారందరు కథలో లీనమై యుండగా, ఆ కథ యెట్లు అల్లబడినదో తెలిసికొనుటకు ఆయన ప్రయత్నించుచుండెను.

రెండవ అభ్యాసము మరింత కఠినమైనది. ఫలాని కథను చిత్రముగా తీయనున్నారని ప్రకటన వచ్చినంతనే ఆయన ఆ కథను సంపాదించి చదివెడివాడు. పిమ్మట దానికి చిత్రానువాదము వ్రాసెడివాడు. ఒక్కొక్కసారి రెండు ప్రతులు సిద్ధము చేసెడివాడు. ఒకటి తానైనచో ఎట్లు తీయునో ఆ విధముగా, రెండవది ఆ దర్శకుడు ఎట్లు తీయగలడని ఊహించెనో ఆ విధముగా వ్రాసెడివాడు. తరువాత ఆ చిత్రము విడుదల కాగానే హాలునకు పోయి, తన వ్రాతను తెరతో పోల్చి చూచుకొనెడివాడు. దర్శకుడు తనకంటె మేలుగా చేసిన చోట తన లోపము బయటపడును. తాను మేలుగా ఊహించిన చోట ధైర్యము కలుగును. ఈ వ్రాతలకు ఎవరును డబ్బు ఈయలేదు. ఎవరును మెచ్చుకొనలేదు. అవి అచ్చుకెక్కవలెనని గాని, చిత్రములు కావలెనని గాని ఆయన వ్రాయలేదు. లెక్క చేసి, పుస్తకము చివరనున్న సమాధానముతో సరిచూచుకొను విద్యార్థివలె, తప్పు తెలిసికొనుటకే వ్రాసెను.

1947లో ఆయనయు, చిదానంద దాస్‌గుప్తా మొదలైన మిత్రులును కలిసి కలకత్తా ఫిల్ము సొసైటీని స్థాపించిరి. విదేశముల ఉత్తమ చిత్రములు తెప్పించి చూచుట, వానిని గూర్చి చర్చించుట ఆ సంఘము పని. మరుసటి యేట, మన దేశపు చిత్రములలోని లోపమేమి అను విషయముపై ఆయన ఒక ఇంగ్లీషు దినపత్రికలో వ్యాసము వ్రాసెను. మన చిత్రములు నాటకములను, పరదేశపు చిత్రములను అనుకరించుట మాని, మన చుట్టునున్న జీవితమునే ఆధారముగా గైకొనవలెనని అందులో వాదించెను. అట్లు వ్రాయుట సులభము. చేసి చూపుట సులభము కాదని ఆయనకు త్వరలోనే తెలిసెను.

ఆ రోజులలో మిత్రుడు హరిసాధన్ దాస్‌గుప్తా ఠాగూరు నవల 'ఘరే బైరే'ను చిత్రముగా తీయదలచెను. చిత్రానువాదము వ్రాయు పని సత్యజిత్ రాయ్‌కి అప్పగింపబడెను. వేడుకకు వ్రాసిన వ్రాతలను దాటి, నిజముగా చిత్రము కాదగిన మొదటి వ్రాత ఇదియే. ఒప్పందములు జరిగెను. ఇంతలో నిర్మాత ఆ ప్రతిలో కొన్ని మార్పులు చేయుమని కోరెను. తన వ్రాతపై గట్టి నమ్మకముగల యువకుడు ఒక్క మార్పునకైనను అంగీకరింపలేదు. పట్టుదలలు పెరిగెను. చివరకు చిత్రమే ఆగిపోయెను. చేతికి అందిన అవకాశము జారిపోయినందుకు ఆయన మిక్కిలి బాధపడెను.

పెక్కేండ్లు గడచిన పిమ్మట, దర్శకుడుగా ఖ్యాతి గాంచిన తరువాత, ఆయన ఆ పాత ప్రతిని తీసి చదివి చూచెను. అది హాలీవుడ్ చిత్రముల పోకడలతో నిండి, పైపై మెరుగులతో నున్నట్లు ఆయనకే తోచెను. నాడు ఆ చిత్రము ఆగిపోవుటయే తన అదృష్టమని ఆయన నిర్మొగమాటముగా ఒప్పుకొనెను. తాను ఎంతయో గర్వించిన వ్రాతలో లోపమును తానే చూడగలుగుట సామాన్యము కాదు. చీకటి హాలులలో తన వ్రాతను తెరతో పోల్చుకొనుచు అలవరచుకొన్న నిజాయితీయే దీనికి కారణము.

1949లో ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వా 'ది రివర్' అను చిత్రము తీయుటకు తగిన తావులు వెదకుచు కలకత్తాకు వచ్చెను. సత్యజిత్ రాయ్ ఆయనను కలిసికొని, సెలవు దినములలో పల్లెలకు తోడుగా పోయెను. చెఱువు గట్టు, అరటి బోదెలు, గుడిసెలు మొదలైనవి ఆ దేశమువారికి ప్రతిదిన దృశ్యములు. పరదేశి కన్ను వానిని ఆశ్చర్యముతో చూచుచుండెను. చిత్రములో పెక్కు వస్తువులు చూపవలసిన పని లేదనియు, తగిన వానిని మాత్రమే జాగ్రత్తగా ఏరి చూపవలెననియు రెన్వా ఆయనకు చెప్పెను. చిత్రానువాద విద్యకు ఇంతకంటె చక్కని మూలసూత్రము లేదు. ఏది వ్రాయవలెనో తెలిసికొనుటకంటె ఏది విడువవలెనో తెలిసికొనుటయే అందు కష్టమైనది. పథేర్ పాంచాలిని చిత్రముగా తీయవలెనను తన కోరికను సత్యజిత్ రాయ్ ఆ పెద్దకు విన్నవించెను. ఆయన ప్రోత్సహించెను.

1950లో ఉద్యోగపు పనిపై ఆయన భార్య విజయతో కూడ ఓడపై లండను నగరమునకు పోయెను. అక్కడ నున్న కొలది నెలలలో దాదాపు నూరు చిత్రములు చూచెను. వానిలో ఇటలీ దర్శకుడు డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్' అను చిత్రము ఆయన మనసును పట్టివేసెను. ఒక పేదవాని సైకిలు దొంగిలింపబడును. అది లేనిదే వానికి పని లేదు. తండ్రియు చిన్న కొడుకును రోము నగరపు వీధులలో దానిని వెదకుదురు. కథ యింతమాత్రమే. పెద్ద నటులు లేరు. ఖరీదైన కట్టడములు లేవు. అయినను చూచువారి గుండె కరగును. కొత్తవారితో, ఆరుబయట, వానలో చిత్రము తీయుట జరుగని పని యని కలకత్తాలోని అనుభవజ్ఞులు ఆయనతో చెప్పియుండిరి. అది జరుగునని ఈ చిత్రము ఋజువు చేసెను. తిరుగు ప్రయాణములో ఓడపైననే ఆయన పథేర్ పాంచాలికి చిత్రానువాదమును కూర్చుకొనసాగెను.

ఆ నవల తెరకు సులభముగా లొంగునది కాదు. అందు సంఘటనలు ఏటి నీరువలె ఒకదానివెంట నొకటి తోచినట్లు సాగిపోవును. ఆ సహజమైన నడకయే దాని అందము. గట్టిగా బిగించినచో ఆ అందము పోవును. వదలివేసినచో చిత్రము చెదరిపోవును. సత్యజిత్ రాయ్ పెక్కు పాత్రలను విడిచి, దుర్గ, అపు, తల్లి సర్వజయ, తండ్రి హరిహరుడు, ముదుసలి బంధువు ఇందిర అను కొద్దిమందిపై దృష్టి నిలిపెను. నవలలో ముసలమ్మ తొలి భాగముననే మరణించును. ఆయన ఆమెను చాలసేపు బ్రదికించి, వెదురుపొదలలో ఆమె మరణమును పిల్లలు కనుగొనునట్లు మార్చెను. నవలలో అక్కాతమ్ములు రైలుబండిని చూడబోయి చూడలేక తిరిగివత్తురు. చిత్రములో తెల్లని రెల్లుపూల పొలము గుండ వారు పరుగెత్తగా, నల్లని పొగ చిమ్ముచు రైలు సాగిపోవును. ఆ పల్లెకు ఆవల నున్న విశాలలోకమును ఒక్క మాటయైనను లేక ఆ దృశ్యము చెప్పివేయును.

దుర్గ చనిపోయిన పిమ్మట అపునకు ఇంటిలో ఒక పూసలపేరు దొరకును. తాను తీయలేదని అక్క యెన్నడో అందరి యెదుట చెప్పిన పేరది. బాలుడు దానిని ఎవరికిని చూపక చెఱువులో విసరివేయును. నీటిపై నాచు ఒక్క క్షణము విడివడి మరల మూసుకొనును. అక్క మానమును తమ్ముడు కాపాడెనని చెప్పుటకు అక్కడ మాటలతో పని లేదు.

ఆయన ఈ చిత్రమునకు క్రమమైన చిత్రానువాద ప్రతిని వ్రాయనేలేదు. సంభాషణలు చాలవరకు నవలనుండియే గ్రహించెను. ముఖ్య సన్నివేశములను బొమ్మలుగా ఒక పుస్తకములో గీసి, ఆ పుస్తకమును చేతబట్టుకొని నిర్మాతల గడపలు తొక్కెను. పాటలు లేవు, నృత్యములు లేవు, పేరుగల నటులు లేరని నిర్మాతలు తిరస్కరించిరి. ఇట్లు దాదాపు రెండేండ్లు గడచెను. చివరకు తన జీవితబీమాపై అప్పు తెచ్చి, 1952 అక్టోబరు 27వ తేదీన రెల్లుపూల పొలములో ఆయన తొలి దృశ్యమును తీసెను. ఛాయాగ్రాహకుడు సుబ్రతో మిత్రా యువకుడు. ఆయన అంతకు ముందు సినిమా కెమెరాను నడిపి యెరుగడు. వారము దినములకు మిగిలిన భాగము తీయుటకు పోగా, పూలన్నిటిని పశువులు మేసివేసియుండెను. ఆ పూలు మరల పూయువరకు, అనగా మరుసటి ఋతువు వచ్చువరకు, ఆ దృశ్యము ఆగవలసి వచ్చెను.

ఆ పొలములోనే ఆయనకు మరియొక పాఠము దొరకెను. అక్కను వెదకుచు బాలుడు తడబడుచు నడువవలెను. నటన యెరుగని పసివాడు చీమవలె తిన్నగా నడచిపోయెను. అప్పుడు సత్యజిత్ రాయ్ బాలుని దారిలో అడ్డముగా పుల్లలు పెట్టించెను. రెల్లులో అక్కడక్కడ మనుష్యులను దాచి, ఒకరి తరువాత ఒకరు వానిని పిలుచునట్లు చేసెను. బాలుడు ఆగుచు, తిరిగి చూచుచు, పుల్లలు దాటుచు నడచెను. కాగితముపై వెదకెను అని వ్రాయుట ఒక్క మాటతో తీరును. ఆ మాటను కంటికి కనబడునట్లు చేయుటకు ఇంత యోచన వలయును.

డబ్బు అయిపోయెను. ఆయన తన పుస్తకములను, గ్రామఫోను రికార్డులను అమ్మెను. భార్య తన నగలను తాకట్టు పెట్టుటకు ఇచ్చెను. అదియు చాలక చిత్రము నెలల తరబడి ఆగిపోయెను. వారమంతయు ఉద్యోగము, సెలవు దినములలో చిత్రము అను బ్రతుకు. ఇంతలో పిల్లలు పెద్దవారైనచో చిత్రము చెడును. ఎనుబదియేండ్ల వృద్ధనటి చునీబాలాదేవికి ఏమైన జరిగినచో అసలే సాగదు. అపు గొంతు మారకుండుట, దుర్గ ఎదిగిపోకుండుట, ముసలమ్మ బ్రదికియుండుట అను మూడును అద్భుతములేయని ఆయన తరువాత చెప్పుకొనెను. తుదకు తల్లి పరిచయస్థుల మూలమున ఆయన పశ్చిమబెంగాలు ముఖ్యమంత్రి విధానచంద్ర రాయ్ దర్శనము చేసికొనెను. ప్రభుత్వము ధనసహాయము చేయగా చిత్రము పూర్తియయ్యెను.

చిత్రము చివర కూర్చునప్పుడును ఆయన దిద్దుట మానలేదు. దుర్గ మరణించిన సంగతి తెలియక తండ్రి ఊరినుండి తిరిగివచ్చి, ఆమె కొరకు తెచ్చిన చీరను చూపును. అప్పుడు సర్వజయ బావురుమనును. నటి చక్కగా ఏడ్చెను. అయినను ఆ యేడుపు ధ్వనిని తీసివైచి, దానికి బదులు తార్ షెహనాయి అను వాద్యపు తీవ్రస్వరమును వినిపించెను. మానవ కంఠము చెప్పలేని శోకమును ఆ స్వరము చెప్పెను. ఈ చిత్రమునకు సంగీతము కూర్చినది రవిశంకర్.

పథేర్ పాంచాలి 1955 మే నెలలో న్యూయార్కు నగరపు ఆధునిక కళాప్రదర్శనశాలలో మొదట చూపబడెను. ఆగస్టు 26వ తేదీన కలకత్తాలో విడుదలయయ్యెను. మొదటి దినములలో జనము పలుచగా నుండిరి. రెండు వారములు గడచునప్పటికి హాళ్లు నిండిపోయెను. 1956లో ఫ్రాన్సు దేశపు కాన్ ఉత్సవములో అది ఉత్తమ మానవీయ చిత్రముగా బహుమానము పొందెను. ఆ తరువాతనే ఆయన ఉద్యోగమును విడిచెను. అపు కథను కొనసాగించిన 'అపరాజితో'కు 1957లో వెనిస్ ఉత్సవమునందు బంగారు సింహము లభించెను. 1959లో 'అపూర్ సంసార్' ఆ కథను ముగించెను.

కీర్తి వచ్చిన పిమ్మటను ఆయన అభ్యాసము ఆగలేదు. బెంగాలు వర్తకులు పద్దులు వ్రాసుకొను ఎఱ్ఱగుడ్డ అట్టల పుస్తకములలో ఆయన తన చిత్రానువాదములు వ్రాసెడివాడు. సంభాషణలు, దృశ్యముల బొమ్మలు, దుస్తులు, సామానులు, సంగీతపు గుర్తులు అన్నియు అందులో నుండెడివి. వర్తకుడు పైసకు లెక్క వ్రాసినట్లు ఆయన ప్రతి చూపునకును లెక్క వ్రాసెను. 1962లో డార్జిలింగులో తీసిన 'కాంచనజంఘా'కు కథయు, చిత్రానువాదమును ఆయనవే. ఒక కుటుంబము విహారములో గడిపిన ఒక్క సాయంకాలమే అందలి కథ. 1964లో ఠాగూరు కథ నాధారముగా చేసికొని తీసిన 'చారులత' మొదటి నిమిషములలో మాటలే దాదాపు లేవు. ఒంటరి గృహిణి కిటికీనుండి కిటికీకి తిరుగుచు దూరదర్శినితో వీధిని చూచును. భర్త పుస్తకము చదువుకొనుచు, ఆమెను గమనింపక, ప్రక్కనుండియే పోవును. ఆమె ఆ దూరదర్శినితోనే ఆయనను చూచును. ఒకే యింట నున్న వారిద్దరి నడుమ నెంత దూరమున్నదో చూచువారికి తెలిసిపోవును.

తాతగారి సందేశ్ పత్రిక ఆగిపోయియుండగా 1961లో ఆయన మిత్రునితో కలిసి దానిని పునరుద్ధరించెను. దానికై బాలల కథలు వ్రాసి, ఫెలూదా అను పరిశోధకుని సృష్టించెను. తాత వ్రాసిన కథనే 1969లో 'గూపీ గాయిన్ బాఘా బాయిన్' అను చిత్రముగా తీసి పిల్లలను ఆనందపరచెను.

యౌవనమున చేజారిన ఘరే బైరేను మాత్రము ఆయన మరువలేదు. పాత ప్రతిని పూర్తిగా ప్రక్కకు పెట్టి, క్రొత్తగా మొదటినుండి వ్రాసి, చిత్రము ప్రారంభించెను. 1983లో చిత్రము జరుగుచుండగనే గుండెజబ్బు వచ్చెను. కుమారుడు సందీప్ తండ్రి సూచనల ప్రకారము మిగిలిన పనికి తోడ్పడెను. 1984లో ఆ చిత్రము వెలువడెను. తొలి ప్రతికిని, తెరకెక్కిన ప్రతికిని నడుమ ముప్పదియైదేండ్లకు పైగా గడచెను.

1992లో ఆయన ఆసుపత్రిలో నున్నప్పుడు అమెరికా చలనచిత్ర అకాడమీవారు జీవితకాలపు కృషికి గౌరవ ఆస్కార్ బహుమానము నిచ్చిరి. ఆయన దానిని పడక మీదనే స్వీకరించెను. ఆ సంవత్సరమే భారత ప్రభుత్వము భారతరత్న బిరుదముతో గౌరవించెను. 1992 ఏప్రిల్ 23వ తేదీన సత్యజిత్ రాయ్ కలకత్తాలో కన్నుమూసెను.

ఆయన విద్య గుడ్డి విద్య కాలేదు. చూచుట నేర్పిన చిత్రకారులు ఆయనకు కలరు. ఏరుకొనుట నేర్పిన రెన్వా కలడు. పల్లె, పొలము, పసిపిల్లవాని నడక కూడ ఆయనకు పాఠములు చెప్పెను. కాని వీరందరికంటె ప్రతిదినము వెంట నుండిన గురువు ఆయన తప్పులే. తన వ్రాతను తెరతో సరిచూచుకొని, ఓడిన చోట ఓడితినని ఒప్పుకొని, మరల వ్రాయ కూర్చున్నవానికి ఆ గురువు ఎన్నడును దూరము కాడు.